ఎర్తు పిన్నుకు పట్టేంత సేపు

నమోదు 1

ఈ శాలలో రాసే పుస్తకాల్లో పనికిరాని మాట ఒక్కటి ఉండకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. ఇప్పుడు దాన్ని తప్పుతున్నదీ నేనే. పదపట్టీ వెనక పేజీల్లో సొంత సంగతులు రాసుకునే అలవాటు నాకు ఎప్పటినుంచో ఉంది. ఎవరూ చదవరు. చదివినా నా రాతలో అక్షరదోషం పట్టుకోలేరు, అంత జాగ్రత్తగా రాస్తాను.

నా పేరు కస్తూరి. కనెక్టర్ల శాలలో పదాలు చూసుకోవడం నా ఉద్యోగం. ఏ భాగాన్ని ఏమనాలో, ఏ పనిని ఏమనాలో పట్టీలో రాసి, పేజీ అడుగున నా ముద్ర వేస్తాను. భూమి నుంచి ఓడలు రావడం ఆగిపోయాక పాత బోర్డుల మీది పిన్నులు పీకి, టంకం గీకి, కొత్త కనెక్టర్లు మేమే చేసుకుంటున్నాం. ఎక్కువగా గాలిపెట్టెల కోసమే. ఇంటికొక గాలిపెట్టె ఉంటుంది. అందులో ఫ్యాను తిరిగితేనే చంద్రుడి మట్టి కింద ఉన్న ఈ మూడొందల గదుల్లో ఎవరైనా ఊపిరి పీల్చేది.

వరసగా నిలబడ్డ పిన్నుల పట్టీని ఇక్కడి ఆడవాళ్ళు దువ్వెన అంటారు. పల్చటి వైర్ల పట్టీ జడ. బోర్డుకు అంటించే నలుసంత రెసిస్టర్లు చీమలు. కనెక్టరును ఎటు తిప్పి గుచ్చాలో చెప్పే బొడిపె పేరు ముక్కుపుడక. ఇవన్నీ నేను పట్టీలోకి ఎక్కించాను. 'ఎర్తు' దగ్గర మాత్రం రెండు వారాలు మొండికేశాను. మనం భూమ్మీదే లేనప్పుడు ఎర్తు పిన్ను ఎక్కడిదని నా వాదన. పెంచలమ్మక్క ఒప్పుకోలేదు.

"కాళ్ళకింద నేల యాడుంటే ఆడ ఎర్తేమే. నువ్వు నిలబడుండేది దేని మింద?" అన్నది.

పట్టీలో రాసుకున్నాను.

నమోదు 2

పెంచలమ్మక్క చేతికి వణుకు వచ్చింది. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు తెలుస్తోంది, సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నప్పుడు ఇంకా తెలియడం లేదు. శాలలో అందరికీ తెలిసిపోయింది. ఇంత తక్కువ గదుల్లో రహస్యం దాచుకోవడానికి చోటెక్కడిది?

అందుకే ఆమె పనిని యంత్రపు చేయికి నేర్పమన్నారు. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. చేయికి ఎవరు పని నేర్పితే, అది చేసిన సరుకు మీద వాళ్ళ ముద్రే పడుతుంది. పెంచలమ్మక్క ముద్ర ఇత్తడిది. వేలెడంత ఉంటుంది. మెడలో నల్లతాడుకు వేలాడేసుకుంటుంది. ముప్పై ఏళ్ళుగా తాను చేసిన ప్రతి కనెక్టరు మీదా దానితో 'పె' అని ఒత్తుతోంది. ముద్ర ఉన్న సరుకు వాడకంలో మూడుసార్లు చెడితే, శాలంతా చూస్తుండగా ఆ ముద్రను పటకారుతో విరిచేస్తారు. ఆ మనిషి మళ్ళీ తన బల్ల ముట్టుకోకూడదు. చేసింది మనిషా, యంత్రమా అని చూడరు. పూచీ అంతా నేర్పినవాళ్ళదే.

విరిచే బాధ్యత తనిఖీ అధికారిది. ఇప్పుడు ఆ కొలువులో ఉన్నది ఇందుజ. పెంచలమ్మక్క కూతురు.

"అక్కా, ఎందుకొచ్చిన తంటా? వద్దని చెప్పేయరాదూ?" అన్నాను.

"ముప్పై ఏండ్లలో ఒక్క పిన్ను ఊడి రాలా. ఇప్పుడొస్తాదా? నేను పోయినాక గూడా నా చెయ్యి ఈడ పనిచేస్తా ఉంటే నాకు బాగుంటాదిమే" అన్నది.

 నేను పట్టీలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

నమోదు 3

నేర్పడం ముగిసింది. చేతులకు వైర్లున్న తొడుగులు వేసుకుని, చేసే ప్రతి పనినీ పైకి చెబుతూ, పెంచలమ్మక్క పది రోజులు పనిచేసింది. "దువ్వెన తీస్తుండా. ముక్కుపుడక ఎడంపక్క. ఒకటో పిన్ను. మొన ఆనిస్తుండా. టంకం ఇస్తుండా." యంత్రం ఆమె కదలికనూ మాటనూ కలిపి దాచుకుంటుంది. పట్టీలో ఉన్న మాట వినిపిస్తే దానికి ముడిపడ్డ కదలికను ఉంచుకుంటుంది. పట్టీలో లేని మాట వచ్చిన క్షణాలను కత్తిరించేసి తర్వాతి పనికి పోతుంది. కాబట్టి ఏ మాట ఉండాలో, ఏది పోవాలో తేల్చాల్సింది నేను.

మొత్తం నలభై గంటల మాటలు. మూడు వారాలు కూర్చుని విన్నాను. దగ్గులు తీసేశాను. టీ ఎప్పుడిస్తారని అడగడాలు తీసేశాను. పక్కింటివాళ్ళ మీద చాడీలు, పిన్నులతో ఆడే ముద్దుముచ్చట్లు, ఆవలింతలు, అన్నీ తీసేశాను. ముప్పై ఒక్క గంటలు మిగిలాయి. కడిగిన బియ్యంలా ఉంది.

చేయి పని మొదలుపెట్టింది. పెంచలమ్మక్క రోజంతా చేసే సరుకును అది పూటలో చేసేస్తోంది. అందరూ మెచ్చుకున్నారు. పట్టీ అడుగున నా ముద్ర ఒత్తుతుంటే నాకే నా మీద ముచ్చటేసింది.

నమోదు 4

ఏడు నెలలకు, యంత్రాల బాగోగులు చూసే మస్తానయ్య ఇంట్లో గాలిపెట్టె ఆగిపోయింది. హెచ్చరిక మోత మోగింది. పిల్లల్ని ఎత్తుకుని పక్క గదికి పోయారు. ఎవరికీ ఏమీ కాలేదు. పెట్టె విప్పి చూస్తే బోర్డు మీద ఎర్తు పిన్ను వదులైంది. ఆ పిన్నులో తేడా వస్తే పెట్టె తనంతట తానే ఆగిపోతుంది. కనెక్టరు మీద 'పె' ముద్ర ఉంది.

"ఎప్పుడో ఒకటి పోతాదిలే కస్తూరమ్మా" అని మస్తానయ్య తేలిగ్గా తీసుకున్నాడు. పెంచలమ్మక్క తీసుకోలేదు. ఆ రోజు అన్నం ముట్టలేదు. నేను పిలిచినా రాలేదు.

చెప్పకూడదు గానీ, నేర్పేటప్పుడు ఆమె చేయి వణికిందేమో, ఆ వణుకే యంత్రానికి అంటిందేమో అని నా మనసులో పడింది. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి అబద్ధం రాయను. అనుమానించాను.

నమోదు 5

రెండోది బడిలో ఆగింది. పాఠం మధ్యలో. పంతులమ్మ పిల్లల్ని వరసలో బయటికి నడిపించింది. ఇప్పుడూ అదే ఎర్తు పిన్ను. ముద్రా అదే.

ఇందుజ ఆ బోర్డు పట్టుకుని శాలకు వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, నడకలో తొందర, మాటలో పొదుపు. షిఫ్టు మొత్తంలో ఎక్కడా కూర్చోదు. అన్నం కూడా గోడకు ఆనుకుని నిలబడే తింటుంది. తల్లి బల్ల ముందు ఆగింది.

"మా, ఇది రెండోది."

"చూసినా."

"తప్పు చేయిదో, దువ్వెనదో, టంకందో అన్నీ పరీక్ష చేయించినా. కరెంటు పెట్టి చూస్తే అన్నీ బాగుండాయి. కారణం దొరకలా. దొరక్కముందే ఇంకొకటి పోతే నేనేం చేయాల్నో నీకు తెలుసు."

"తెలుసు. చెయ్యి. నా కోసరం రూలు మార్చబాక" అన్నది పెంచలమ్మక్క. అంటూ మెడలో ముద్రను పిడికిట్లో పట్టుకుంది. పిడికిలి వణికింది.

ఇందుజ చూపు ఆ పిడికిలి మీద పడింది. మరుక్షణం తల తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల రాతిగుండె మనిషని శాలలో అంటారు. నేనూ అన్నాను ఒకటి రెండుసార్లు. ఈరోజు ఆమె మొహం చూశాక ఇక అనను.

నమోదు 6

మూడోది నా వంటగదిలో ఆగింది.

పొద్దున టీ పెట్టుకుంటున్నాను. ఇక్కడ నీళ్ళు గిన్నెలోకి తీరిగ్గా దిగుతాయి. ఆ దిగడం చూస్తూ నిలబడితే వెనక ఫ్యాను చప్పుడు ఆగింది. మోత మోగకముందే దాన్ని ఆపే మీట నొక్కేశాను. గది తలుపు బార్లా తెరిచాను, నడవ గాలి వస్తుందని. పెట్టె విప్పి బోర్డు బయటికి తీశాను. 'పె'.

నేను ఒంటరి మనిషిని. ఇది నాకు తప్ప ఎవరికీ తెలియదు. పాత బోర్డు ఒకటి బిగించుకుని ఊరుకుంటే ముద్ర విరగదు. పెంచలమ్మక్క బల్ల ఆమెకు ఉంటుంది. రెండు గంటలు అదే ఆలోచనతో కూర్చున్నాను. నా మంచితనానికి నేనే మురిసిపోయాను కూడా.

అప్పుడు లెక్క గుర్తొచ్చింది. చేయి చేసిన బోర్డులు నూట నలభై ఆరు ఇళ్ళలో ఉన్నాయి. ఇది దాస్తే నాలుగోది ఎవరి ఇంట్లో ఆగుతుంది? మోత వినపడని ముసలివాళ్ళ ఇంట్లోనా? పసిబిడ్డ దగ్గరా?

బోర్డును భూతద్దం కింద పెట్టి చూశాను. మిగతా పిన్నుల దగ్గర టంకం ఫరవాలేదు. ఎర్తు పిన్ను దగ్గర మాత్రం మెరుపు లేదు, పిన్ను చుట్టూ వెంట్రుకంత పగులు. టంకం పిన్నును పట్టుకోలేదు, ఊరికే ఆనుకుని ఉంది. ఏడు నెలలు ఫ్యాను అదురుకు ఊగి ఊగి వదిలేసింది.

ఎందుకు పట్టుకోలేదో నాకు తెలియలేదు. బోర్డును కొంగులో చుట్టుకుని పెంచలమ్మక్క ఇంటికి బయల్దేరాను.

నమోదు 7

చేతిలో బోర్డు చూడగానే ఆమెకు అర్థమైంది. 

"మూడోదా?"

"ఇంకా ఎవరికీ చెప్పలేదక్కా."

"చెప్పు. చెప్పాల. ముందర ఇటియ్యి, ఎందుకు పోయిందో చూడనీ" అన్నది.

ఇంట్లో పాత ఐరన్ ఉంది. కాచింది. వదులైన టంకం తీసేసి, బోర్డును పీట మీద ఆనించి, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని మొన పెట్టింది. చెయ్యి వణుకుతోంది. మొన పిన్నుకు ఆనగానే వణుకు ఆగింది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను.

"కూర్చో తల్లీ, కూర్చో. తొందరేముంది" అన్నది, చాలా నెమ్మదిగా, సాగదీస్తూ.

మాట ముగిసేసరికి టంకం నీళ్ళలా పరుచుకుని పిన్ను చుట్టూ మెరిసింది. మొన తీసేసింది.

"చూడు, ఎంత బాగా కూచునిందో" అన్నది.

నేను ముందుకు వంగాను.

"అక్కా, ఇప్పుడేమన్నావు?"

"బాగా కూచునిందంటిని."

"అంతకుముందు."

"ఏం అన్లా. టంకం కరిగేటప్పుడు మాట్లాడతానా?"

ఆమె నిజంగానే ఎరగదు. ముప్పై ఏళ్ళుగా అంటున్నా ఎరగదు. ఇంకో పిన్ను పెట్టమన్నాను. ఈసారి మామూలు పిన్ను. "కూర్చో తల్లీ" అని మాత్రమే అని మొన తీసేసింది. మళ్ళీ ఎర్తు పిన్ను పెట్టమన్నాను. మళ్ళీ పొడుగు మాట. ఎర్తు పిన్ను కింద రాగిరేకు వెడల్పుగా ఉంటుంది. అది వేడిని తాగేస్తుంది. అందుకని దాన్ని మిగతావాటికంటే ఎక్కువసేపు కాచాలి. మా గీకిన టంకానికి ఇంకా ఎక్కువ. ఎంతసేపో ఆమె ఎప్పుడూ గడియారం చూడలేదు. మాట పూర్తయ్యేంత సేపు.

ఆ మాటను కోసేసింది నేను. పిన్నులతో ముద్దుముచ్చట్లని, పనికిరాని మాటలని, నలభై గంటల్లో ఎక్కడ దొరికితే అక్కడ వెతికి మరీ కోశాను. దానితోపాటు మొన ఆగి ఉండాల్సిన క్షణాలు పోయాయి. మామూలు పిన్నులు ఎలాగో నెగ్గుకొచ్చాయి. ఎర్తు పిన్నులు నిలవలేదు. ఆమె చేతిని అనుమానించిన నా తెలివికి ఏం చెప్పుకోను?

"ఏందిమే, మొగం అట్ల పెట్టినావు?" అని అడిగింది.

చెప్పాను. మొత్తం చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆమె కోప్పడితే బాగుండేది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నేనే ఎరగనిది నీకేం తెలస్తాదిమే. గమ్మునుండు" అన్నది.

నమోదు 8

మూడోదాని సంగతి ఇందుజకు చెప్పాను. శాలంతా చేరింది. బల్ల మీద మూడు బోర్డులు, పక్కన పటకారు. పెంచలమ్మక్క తాడు విప్పి ముద్రను కూతురి చేతిలో పెట్టింది. ఇందుజ పటకారు అందుకుంది.

"ఆగు ఇందుజా" అన్నాను. బల్ల దగ్గరికి నడిచాను. "ముందు ఇది వినాలి."

నేను కోయకముందు దాచి ఉంచిన మాటలను వినిపించే పరికరంలో పెట్టాను. పెంచలమ్మక్క గొంతు శాలంతా వినిపించింది. ఒకటో పిన్ను. మొన ఆనిస్తుండా. టంకం ఇస్తుండా. కూర్చో తల్లీ. రెండో పిన్ను. కూర్చో తల్లీ. ఎర్తు పిన్ను. కూర్చో తల్లీ, కూర్చో, తొందరేముంది. మస్తానయ్య గడియారం తీసి చూశాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ చూశాడు.

"మామూలు పిన్నుకు రెండు సెకన్లు. ఎర్తుకు నాలుగు. ప్రతిసారీ అంతే. కొంచెం గూడా తేడా లేదు" అన్నాడు.

ఆ తర్వాత నా పట్టీలో మిగిలినది పెట్టాను. ఎర్తు పిన్ను. మొన ఆనిస్తుండా. టంకం ఇస్తుండా. వెంటనే తర్వాతి పిన్ను.

"మధ్యలో ఉన్న మాట పనికిరానిదని నేను తీసేశాను. చేయి అక్కడ ఆగడం మానేసింది. పని నేర్పడంలో పెంచలమ్మక్క తప్పు లేదు. తప్పు నాది, పట్టీ నాది, ముద్రా నాదే" అని నా ముద్ర తీసి బల్ల మీద పెట్టాను.

 ఇందుజ ఆగిపోయిన పరికరం వైపే చూస్తోంది. 

"ఆ మాట నాది" అన్నది. "చిన్నప్పుడు జడేసేటప్పుడు మా అమ్మ నాతో అనేది."

"ఒక్క తూరన్నా కుదురుగా కూచున్నావా నువ్వు?" అన్నది పెంచలమ్మక్క. "దువ్వెన పెడితే చాలు లేసి పరిగెత్తేది. పాయకొక తూరి చెప్పాల. చిక్కు పడిన కాడ ఇంకా ఎక్కువ చెప్పాల."

ఎవరో నవ్వారు. అందరూ నవ్వారు. ఇందుజ నవ్వలేదు. కళ్ళు తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు, ఒకదానిలో పటకారు, ఒకదానిలో తల్లి ముద్ర. ముద్రను తల్లి మెడలో తిరిగి వేసింది. తర్వాత నా ముద్ర తీసుకుంది.

"మే, దానిది ఎందుకు ఇరిచేది? తెలవక చేసింది గదా" అని పెంచలమ్మక్క అడ్డం వచ్చింది.

"విరవనీ అక్కా. రూలు నాకోసం కూడా మార్చవద్దు" అన్నాను.

ఇత్తడి మెత్తనిది. పెద్ద చప్పుడేం కాలేదు. నాకు మాత్రం పక్కటెముక విరిగినట్టే ఉంది. ఇరవై రెండేళ్ళ ముద్ర అది. బాధ లేదని రాస్తే ఈ పుస్తకంలో అదే మొదటి అబద్ధమవుతుంది.

నమోదు 9

ఇప్పుడు నా బల్ల నాకు లేదు, పెంచలమ్మక్క బల్ల దగ్గర కూర్చుంటున్నాను. నూట నలభై ఆరు బోర్డుల ఎర్తు పిన్నులు మళ్ళీ చేత్తో పెట్టాలి. ఆమె చూపిస్తుంది, నేను పెడతాను. మొదటి వారం నా వేళ్ళే ఎక్కువ కాలాయి. నిన్నటికి తొంభై పూర్తయ్యాయి. నేనూ ఆ మాట పైకే అంటున్నాను. నలభై ఆరేళ్ళ మనిషిని పిన్నుతో మాట్లాడుతుంటే మొదట్లో సిగ్గేసింది.

చేయికి కొత్తగా నేర్పుతున్నారు. మాట ఎందుకు, నాలుగు సెకన్లు ఆగమని అంకె రాస్తే సరిపోతుందని మస్తానయ్య అన్నాడు. ఇందుజ ఒప్పుకోలేదు.

"అంకె రాస్తే రేపెవరో పని తెమలడంలేదని మూడు చేస్తారు. ఎల్లుండి రెండు చేస్తారు. మాటైతే సగంలో తెంచడానికి ఎవరికీ నోరు రాదు. మాటే ఉండనీ. పైకి వినపడేటట్టు ఉండనీ" అన్నది.

కొత్త పదపట్టీ ఇప్పుడు వేరేవాళ్ళు చూస్తున్నారు, ఈ పాతది నా దగ్గరే ఉండనిచ్చారు. నాకు ఒక్క పదం రాసే అవకాశం ఇమ్మని అడిగాను. ఇచ్చారు. ముద్ర లేకుండా, చేతిరాతతో రాశాను.

"కూర్చో తల్లీ: టంకం పెట్టేటప్పుడు మొన ఆగి ఉండవలసిన వ్యవధి. ఎర్తు పిన్నుకు 'కూర్చో, తొందరేముంది' కలపాలి. తొందరపడి అనకూడదు. కూర్చినది: పెంచలమ్మ."

ఈ మధ్యాహ్నం చేయిని మళ్ళీ నడిపించారు. అద్దం వెనక అది దువ్వెన తీసుకుంది, ముక్కుపుడక ఎడమకు తిప్పింది, మొన ఆనించింది. పెంచలమ్మక్క గొంతు పలికింది. రెండో పిన్ను, మూడో పిన్ను. పెంచలమ్మక్క నా పక్కన బల్లకు ఆనుకుని కూర్చుని, ఎవరో తెలియని మనిషి మాట విన్నట్టు వింటోంది.

ఇందుజ చేతిలో తనిఖీ కాగితాలతో అద్దం ముందు నిలబడి ఉంది. చేయి ఎర్తు పిన్ను దగ్గరికి వచ్చింది.

"కూర్చో తల్లీ, కూర్చో. తొందరేముంది."

ఇందుజ కాగితాలు పక్కన పెట్టింది. ఎవరిదో స్టూలు కాలితో దగ్గరికి లాక్కుంది. తల్లి వైపు వీపు తిప్పి కూర్చుంది.

పెంచలమ్మక్క నా భుజం పట్టుకుని లేచింది. వణికే చేతులతో కూతురి జడ విప్పి, మళ్ళీ మొదటినుంచి అల్లడం మొదలుపెట్టింది.